ముంగిస, తీతువు, మా అక్క ఈశాన్యం మూల

పటాన్‌చెరు వైపు వెళ్ళి వారం రోజులుండి వచ్చానని చెబితే మా కాలేజీ లైబ్రరీలో అందరూ ఒకటే ప్రశ్న వేశారు. "అక్కడ చూడ్డానికేముందండీ?" అని. అరకు వెళ్ళొచ్చినవాళ్ళను ఎవరూ ఇలా అడగరు. ఫ్యాక్టరీ గేట్లు, లారీలు, షిఫ్టు బస్సులు, అపార్టుమెంట్ల ప్రకటనలు తప్ప అటువైపు ఇంకేమీ ఉండదని వాళ్ళ నమ్మకం. రైలెక్కే ముందు నా నమ్మకమూ అదే. నేను ఊళ్ళు చూడ్డానికి వెళ్ళలేదు. మా అక్క సుగుణ ఇంటికి శంకుస్థాపన, చెల్లెలు లేకుండా ఎలా అని ఫోను మీద ఫోను చేస్తే కాకినాడ నుంచి బయలుదేరాను. తీరా వెళ్ళాక ఒక ముంగిసనీ, ఒక తీతువు పిట్టనీ చూసి వచ్చాను. మొదటిది కనబడితే అదృష్టమంటారు, రెండోదాని గొంతు వినబడితేనే అరిష్టమంటారు. ఆ వారమంతా ఆ రెండింటి మధ్య పడి మా అక్క ఇల్లు ఊగిసలాడింది. వెళ్ళనివాళ్ళ కోసం ఆ సంగతి రాస్తున్నాను.

బీరంగూడ

లింగంపల్లిలో రైలు దిగి ఆటో ఎక్కాను. ఆటో అబ్బాయి బ్యాగు వైపు చూసి, "యాడికెళ్ళి వస్తున్నరమ్మా?" అన్నాడు. కాకినాడ అని చెప్పగానే వెనక్కి తిరిగాడు. "అయితే కాజ తెచ్చిండ్రా?" తెచ్చాను మరి. ఒకటి తీసి ఇస్తే ఎడమ చేత్తో హ్యాండిల్ పట్టుకుని కుడి చేత్తో తిన్నాడు, పాకం మోచేతి దాకా కారింది. దిగేటప్పుడు కిరాయిలో పది రూపాయలు తగ్గించాడు. మా ఊళ్ళో ఆటోవాళ్ళకు విస్తరి వేసి బూరెలు వడ్డించినా రూపాయి తగ్గరు.

బీరంగూడలో అక్కవాళ్ళుండే వీధిలో సగం మంది మనవైపు వాళ్ళే. పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా బావగారు రామ్మూర్తి కూడా అందులో మెషిన్ షాపులో చేసి పోయినేడు రిటైరయ్యారు. అక్క మాటలో గోదావరి యాస అలాగే ఉంది గానీ, మధ్య మధ్య ఇక్కడి మాటలు కొత్తిమీర చల్లినట్టు పడుతుంటాయి. "జల్దీ కాళ్ళు కడుక్కు రావే, అన్నం చల్లారిపోతోంది, నేనిక్కడ పరేషాన్ అయిపోతుంటే!" అంది గుమ్మంలోనే. చింతచిగురు పప్పు, ఊరమిరపకాయలు, గడ్డపెరుగు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

పెరుగన్నంలోకి వచ్చాక బావగారు గొంతు తగ్గించి, "చిట్టీ, మన స్థలంలో ముంగిస ఉందమ్మా!" అన్నారు. స్థలంలో లంకెబిందెలు బయటపడ్డాయన్నా అంత సంబరంగా చెప్పరు.

అక్క ముఖం మాత్రం వెలగలేదు. "ముంగిస ఒక్కటేనా? రెండోది కూడా చెప్పండి" అంది.

రెండోది తీతువు. సరిగ్గా ఈశాన్యం మూల, శుక్రవారం ఉదయం పంతులుగారు మొదటి గుంట తీయించాల్సిన చోట, గుడ్లు పెట్టి కూర్చుంది.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. కంపెనీ క్వార్టర్ దొరకక ముందు కొన్నేళ్ళు, రిటైరై క్వార్టర్ వదిలాక మళ్ళీ, ఆవిడ కిరాయి ఇళ్ళలోనే గడిపింది. అందులో కొన్ని ఓనర్లు ఖాళీ చేయించారు, కొన్ని ఈవిడే ఖాళీ చేసింది. ఒక ఇంట్లో చేరిన రోజే నెత్తి మీద బల్లి పడింది. ఇంకో ఇంటి మీద తీతువు అరుస్తూ పోయింది, ఆ నెల్లోనే బావగారికి పచ్చకామెర్లు వచ్చాయి. ఇప్పుడున్న ఇంటి ఓనరు కార్తీకంలో కొడుకు పెళ్ళి ఉంది, ఈలోగా ఖాళీ చేయమన్నాడు. శుక్రవారం పునాది పడితే కార్తీకానికి రెండు గదులైనా లేస్తాయి. శుక్రవారం దాటితే మూఢం, మూఢం పోతే ఆషాఢం, శ్రావణం దాకా కొబ్బరికాయ కొట్టడానికి లేదు.

"ఇంకో కిరాయి ఇంట్లో పాలు పొంగించలేనే చిట్టీ. నా వల్ల కాదు" అంది అక్క. నవ్వుతూ చెప్పాలని చూసింది గానీ నవ్వు రాలేదు.

కిష్టారెడ్డిపేట

మర్నాడు ఎండ ముదరకముందే స్థలానికి వెళ్ళాం. కిష్టారెడ్డిపేటలో రోడ్డుకు ఒక పక్క అపార్టుమెంట్లు లేస్తున్నాయి, ఇంకో పక్క హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు. అక్కవాళ్ళ ప్లాటును ఎర్రమొరం పోసి రోడ్డుకంటే ఎత్తు చేశారు. నైరుతిలో ఇసుకకుప్ప, పక్క ప్లాటులో సిమెంటు పైపులు. ఆ పైపుల్లోనే ముంగిస కాపురం.

గూడంటే పుల్లలూ పీచూ ఉంటాయని వెతికాను. ఏమీ లేదు. మొరంలో అరచేయంత గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టిరంగు మీద నల్లమచ్చలున్న నాలుగు గుడ్లు. పక్కనున్న కంకరరాయిని చూసి నేను ఐదోది అనుకున్నాను. పిట్ట లేచి నిలబడింది. పచ్చటి పొడుగు కాళ్ళు, నల్లటి తల, కళ్ళ ముందు ఎర్రటి తోలు. మా ఊళ్ళో ఈ గొంతు వినబడితే మా అమ్మ పొయ్యిలో ఉప్పు వేసేది, అందుకని నేనెప్పుడూ దాని ముఖం చూడలేదు. ఇంత శుభ్రంగా తయారైన పిట్టను అరిష్టమని ఎలా అన్నారో అనిపించింది.

మేస్త్రి యాదయ్య బీడీ ఆర్పి మా దగ్గరికొచ్చాడు. "నేనేం జెయ్యాలె చెప్పుండ్రి అమ్మా? నా లేబరంతా బీహారోళ్ళు. ఆ గుడ్లను ముట్టనంటున్నరు. ఆ మూల తప్ప యాడ తవ్వమన్నా తవ్వుతరంట."

"చేటలోకి ఎత్తి పక్క ప్లాటులో పెట్టరాదటయ్యా?" అంది అక్క.

"మీరు ఎత్తుండ్రి, నేను చేట వట్టుకుంట" అన్నాడు యాదయ్య వినయంగా.

అక్క రెండడుగులు వెనక్కి వేసింది. తీతువు గుడ్డు ముట్టుకోవడమా! బావగారు అంతకుముందు రోజే ప్రయత్నించి కళ్ళజోడు పోగొట్టుకున్నారట, పిట్ట నెత్తి మీదికి దూకితే. ఇక మిగిలింది నేను. పమిట బిగించి వెళ్ళాను. పిట్ట అరుస్తూ లేచి కొంత దూరంలో కూలబడి, ఒక రెక్క నేల మీద ఈడ్చుకుంటూ నడవసాగింది. అయ్యో, నా వల్లే విరిగిందేమో అని దాని వెనకాలే వెళ్ళాను. అది కుంటుతూ ఒక ప్లాటు దాటింది, ఇంకో ప్లాటు దాటింది. పల్లేరుకాయల్లోకి తీసుకెళ్ళి, చక్కగా రెండు రెక్కలూ విప్పి ఎగిరిపోయింది. తిరిగొచ్చేసరికి నా చెప్పు తెగింది, ఎత్తాల్సిన గుడ్ల మీద రెండో పిట్ట కూర్చుని ఉంది, అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను?

సాయంత్రం ముంగిస దర్శనం. బావగారు జేబులోంచి ఉడికించిన కోడిగుడ్డు తీసి చప్పట్లు కొట్టారు. పైపులోంచి మూరెడు ఒళ్ళు, ఇంకో మూరెడు తోక బయటికొచ్చాయి. మిరియాల పొడీ ఉప్పూ కలిపి చల్లినట్టున్న బొచ్చు. చప్పుడు లేదు, తొందర లేదు. గుడ్డును ముందుకాళ్ళతో పట్టుకుని, రాయి వైపు వీపు పెట్టి, వెనక కాళ్ళ సందులోంచి రాతికేసి కొట్టింది. ఉడికిన గుడ్డని దానికి తెలియదు పాపం.

"శుక్రవారం మీ అక్క గేటులోంచి కాలు పెట్టేసరికి ఇది ఎదురు రావాలి. అందుకని రోజూ గుడ్డును ఒక గజం ముందుకు జరుపుతున్నాను. ఏ మెషిన్ అయినా ట్రయల్ రన్ లేకుండా నడపకూడదమ్మా" అన్నారు బావగారు. ఉద్యోగం వదిలినా ఫ్యాక్టరీ ఆయన్ని వదల్లేదు. శకునానికి ట్రయల్ రన్ పెట్టిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు. గేటు తూర్పున ఉంది. గుడ్డు జరుగుతూ జరుగుతూ ఈశాన్యం వైపుకే వెళుతోందని అక్కడున్న మా ఎవరికీ తట్టలేదు.

అమీన్‌పూర్ చెరువు

తిరిగి వెళ్ళేటప్పుడు చెరువు గట్టున ఆగాం. వేసవి కదా, నీళ్ళు వెనక్కి పోయి బురద బయటపడింది. ఆ బురదలో పొడుగుకాళ్ళ పిట్టలు వరుసగా నిలబడి ముక్కులతో వెతుక్కుంటున్నాయి. మా కోరంగి వైపు ఉల్లంకి పిట్టలు గుర్తొచ్చాయి. మొక్కజొన్న కంకులు కాల్చే ఆమెను "ఇక్కడ తీతువులుండవా?" అని అడిగాను. "ఉంటయి. నీళ్ళకు ఇక్కడికొస్తయి, పిల్లల్ని జేసుకునుడు మాత్రం మీ ప్లాట్లల్లనే" అంది. కంకి మీద నిమ్మకాయ, ఉప్పు, కారం. ధర మా బీచి దగ్గరదే, కారం మాత్రం రెట్టింపు.

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆ రెండు ప్రాణుల గురించే ఆలోచించాను. ముంగిసకు పైపు ఉంది, పొద, పుట్ట, ఏదో ఒక చాటు దొరికితే ఇల్లు చేసేసుకుంటుంది. ఎవరింటికి కన్నం వేసినా చప్పుడు చేయదు. తీతువుకు ఏ చాటూ లేదు. పదిమంది తిరిగే చోట నేల మీద గుడ్లు పెట్టి, ఎవరొచ్చినా ఊరంతా వినబడేట్టు గోల చేస్తుంది. ఇందులో నోరు లేనిదాన్ని మంచిదన్నాం, నోరున్నదాన్ని చెడ్డదన్నాం. అక్కతో ఆ మాటే అంటే, "నీకు లైబ్రరీలో పని తక్కువ" అంది.

సంగారెడ్డి

బుధవారం పంతులుగారి కోసం సంగారెడ్డి వెళ్ళాం. ముత్తంగి, ఇస్నాపూర్ దాటేదాకా బస్సులో ఒడియా, హిందీ, తెలుగు కలిపి వినబడ్డాయి. నా పక్కన కూర్చున్నాయన షిఫ్టు దిగి వస్తూ నా భుజం మీద నిద్రపోయాడు. లేచాక "మాఫ్ చెయ్యమ్మా" అని ఒక పల్లీపట్టీ ఇచ్చి దిగిపోయాడు.

పంతులుగారు మా మాట విని పంచాంగం తెరిచారు, మూశారు. "మొదటి గుంట ఈశాన్యంలనే పడాలె తల్లీ. పిట్ట ఉన్నదని శాస్త్రాన్ని నైరుతికి జరుపుతనా? ఆ పొద్దు నాకింకా మూడు శంకుస్థాపనలున్నయి. మీరు మూల ఖాళీ చేసి పెట్టుండ్రి, నేను జల్దీ చేయించి పోత." మూఢానికి ముందు ఆఖరి ముహూర్తమాయె, ఆయన గిరాకీ ఆయనది. మాకు ఫలానా గడియ అని చెప్పి, కాఫీ ఇప్పించి పంపారు.

అక్క మాత్రం తిరుగుబస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పూజకని కొన్న కొబ్బరికాయలు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఊపి చూసింది.

చిట్కుల్

గురువారం యాదయ్య మమ్మల్ని చిట్కుల్ తీసుకెళ్ళాడు. అతని ఇల్లూ అక్కడే, అతని లేబరు ఉండే గదులూ అక్కడే. ముందు అతనింట్లో తినకుండా కదలనివ్వలేదు. గిన్నెకు అంటించి కాల్చిన సర్వపిండి, పచ్చిపులుసు. మా తపాలా చెక్కకు ఇది దగ్గరి చుట్టమే గానీ, నువ్వులూ పల్లీలూ ఇంత ఉదారంగా మేం వేయం. నేను మూడోది అడిగితే అక్క కళ్ళెర్రజేసింది.

వరసగా రేకుల గదులు. ఫుల్వా అనే ఆవిడ మట్టి మోసే ఆడవాళ్ళకు పెద్ద. అక్క ఆవిడ ముందు చేతులు జోడించినంత పని చేసింది. "చూడమ్మా, రేపు ఒక్కరోజు. మీరు తప్ప ఎవరూ చేయలేరు. ఎక్కువ కూలి ఇస్తాం."

ఫుల్వా తల అడ్డంగా ఊపింది. "టిటహరీ కే అండే కో హాథ్ నహీ లగాతే, అమ్మాజీ." ఆ పిట్ట గుడ్ల మీద చేయి వేయరట. తర్వాత తెలుగులో నెమ్మదిగా, "పిట్ట ఎత్తులో గుడ్డు పెడితే వాన బాగా. పల్లంలో పెడితే వాన లేదు. మీ జాగాలో ఎత్తు మీద పెట్టింది. మా ఊరికి ఫోను చేసి చెప్పాను, అందరూ ఖుష్" అంది. మా అక్క ప్లాటులో మొరం పోయించింది వాస్తు కోసం. దాని మీద బీహారులో ఒక ఊరు వరినాట్ల లెక్క వేసుకుంటోంది.

"మాకు అది చావు పిట్టమ్మా" అంది అక్క.

ఫుల్వా ఆశ్చర్యంగా చూసింది. "అదెట్లా? బచ్చా కోసం అరుస్తుంది కదా? దానికి ఘర్ లేదు, దర్వాజా లేదు. అరవకపోతే ఏం చేస్తుంది?"

అక్క చెప్పులు వేసుకుంటూ ఒక కాలిది ఇంకో కాలికి వేసుకుంది.

ఖైరున్ ఆపా గేటు

వస్తూ వస్తూ ప్లాటు దగ్గర ఆగాం. ఎదురింటి ఖైరున్ ఆపా గేటు మీద చేతులు వేసుకుని మా కోసమే చూస్తోంది. బావగారు అప్పటికే చప్పట్లు కొడుతున్నారు.

"రామ్మూర్తి సాబ్, ఏం హౌలా పని చేస్తున్నరు మీరు?" అంది ఆవిడ. "గా ముంగూస్ పక్కా చోర్. నావి మూడు కోళ్ళు తిన్నది. దానికి మీరు రోజూ గుడ్లు మేపుతరా? గుడ్డు రుచి మరిగింది. పొద్దుగాల గా మూలకే వచ్చి వాసన చూస్తున్నది. గీ పిట్ట ఒర్లుతుంటే నేనే వచ్చి గా ముంగూస్‌ను రాళ్ళతో కొట్టిన."

అప్పుడు చూశాం, బావగారు ఆ సాయంత్రం పెట్టిన గుడ్డు ఎక్కడుందో. తీతువు గుడ్లకు రెండు గజాల దూరంలో ఉంది.

"ట్రయల్ రన్!" అంది అక్క. ఆ రెండు ముక్కలూ ఆవిడ అన్న తీరుకు బావగారు గుడ్డు తీసి మళ్ళీ జేబులో వేసుకున్నారు.

"ఇది మా చౌకీదార్" అని ఆపా పిట్టను చూపించింది. "చోర్ వస్తే ముందు ఇదే లేపుతది. నెల అయితుంది కూసోబట్టి. ఇగ రేపో ఎల్లుండో పిల్లలు అయితయి."

రేపో ఎల్లుండో. రేపు పొద్దునకే అయితే ఎంత బాగుండు! అక్క ఆకాశం వైపు చూసి దండం పెట్టింది. ఆవిడ దేవుణ్ణి అడిగింది ఇల్లా, పిల్లలా అని నేను అడగలేదు. ఎందుకైనా మంచిదని గుడ్ల చుట్టూ తుమ్మకంప వేసి వచ్చాం.

శుక్రవారం

అక్క పట్టుచీర కట్టింది. పంతులుగారు చెప్పిన గడియకంటే ముందే వచ్చి, ముగ్గేసి, కలశం పెట్టి, సంకల్పం మొదలుపెట్టారు. యాదయ్య గడ్డపార కడిగి పసుపు రాశాడు. ఫుల్వావాళ్ళు రోడ్డవతల నిలబడ్డారు. గుడ్లు మాత్రం అలాగే ఉన్నాయి, వాటి మీద పిట్టా అలాగే ఉంది. చివరి నిమిషంలో ఎత్తేద్దామని అనుకున్నాం. పంతులుగారి శిష్యుడొకడు ఎత్తడానికి ఒప్పుకున్నాడు, చేటలో మెత్తటి గుడ్డ కూడా పరిచాం. అతను వంగితే రెండు పిట్టలూ నెత్తి మీద తిరుగుతూ గోల పెట్టాయి, మంత్రాలు ఎవరికీ వినబడటం లేదు.

అప్పుడు ముంగిస వచ్చింది. చప్పట్లు కొట్టకుండానే, ఎవరూ పిలవకుండానే, పైపులోంచి దిగి, సరిగ్గా అక్కకు ఎదురుగా నడుచుకుంటూ వచ్చింది.

"శుభం, శుభం! ఎంత అదృష్టం తల్లీ!" అన్నారు పంతులుగారు. బావగారి ముఖం చూడాలి! ఫ్యాక్టరీలో ఆయనకు అవార్డు ఇచ్చిన రోజున కూడా అలా లేదు.

శుభం ఆగలేదు. మా కాళ్ళ పక్కనుంచి పోయి, శిష్యుడు పక్కకు లాగిన తుమ్మకంప సందులోంచి గుడ్ల దగ్గరికి దూరింది. ఒక పిట్ట రెక్కలు పరిచి దాని ముఖం మీద పడింది. ముంగిస ఒక్క క్షణం తగ్గి, మళ్ళీ ముందుకొచ్చింది. దాని ముందుకాళ్ళ మధ్య ఒక గుడ్డు ఉంది. ఆ గుడ్డుకు అప్పటికే చిన్న బీట ఉంది, ఆ బీటలోంచి తెల్లటి చుక్కంత ముక్కు కదులుతోంది. నేను చూశాను. అక్క కూడా చూసింది.

తర్వాత జరిగింది మా ఇంట్లో ఇంకా చాలా ఏళ్ళు చెప్పుకుంటారు. సంగారెడ్డి నుంచి తెచ్చినవాటిలోంచి ఏరి కలశం మీద పెట్టిన కొబ్బరికాయను అక్క రెండు చేతులతో ఎత్తి ఆ శుభశకునం మీదికి విసిరింది. "పో! దొంగముండా, పో!" అని అరిచింది. ఆ గొంతు విని తీతువులే ఒక్క క్షణం ఆగాయి. కాయ ముంగిసకు తగల్లేదు, పక్కన హద్దురాయికి తగిలి రెండు చెక్కలైంది. ముంగిస గుడ్డు వదిలేసి పైపుల్లోకి పోయింది. అక్క పట్టుచీరతోనే మొరంలో కూర్చుంది, గుడ్డుకు ఏమీ కాలేదని చూసుకుంది, గుంటలో మిగిలిన మూడింటి పక్కన పెట్టింది. తీతువు గుడ్డును! చేత్తో!

"అమ్మా, గడియ దాటిపోతున్నది" అన్నారు పంతులుగారు.

"దాటనివ్వండి" అంది అక్క. "ఇక్కడ ఎవరూ గునపం వేయడానికి వీల్లేదు."

పంతులుగారు గడియారం చూసుకున్నారు, కలశం కింది బియ్యం శిష్యుడి సంచిలో పోయించి తర్వాతి శంకుస్థాపనకు వెళ్ళిపోయారు. బావగారికి నిజంగానే కోపం వచ్చింది. "కార్తీకానికి ఎక్కడికి పోదామే? ఆ పిట్ట గూట్లోకా?" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. చేసిన పులిహోర అంతా ఫుల్వావాళ్ళకు పంపాం. అక్క గిన్నెలు తోముతూ ఏడ్చింది, కుళాయి కట్టేసి ఏడ్చింది. నేను పక్కన నిలబడి గిన్నెలు తుడిచాను. ముహూర్తం నమ్మే మనిషి ముహూర్తాన్ని వదులుకుంటే ఎంత నొప్పో నాకు తెలుసు, చిన్నప్పటినుంచి ఆవిడ్ని చూస్తున్నాను.

శనివారం

సాయంత్రం నా రైలు. అక్క పొద్దున్నే "పద, పిల్లల్ని చూసొద్దాం" అంది. సజ్జలు కూడా మూట కట్టింది. బావగారు ముఖం తిప్పుకునే స్కూటరు తాళం ఇచ్చారు గానీ, వెనకాలే ఆటోలో తనూ వచ్చారు.

గుంట ఖాళీగా ఉంది. నాలుగు పెంకులు, అంతే. అక్క ముంగిస పైపుల వైపు చూసింది.

"అరె, అటు కాదమ్మా, ఇటు సూడుండ్రి!" అని యాదయ్య రోడ్డవతల నుంచి పిలిచాడు. ఖైరున్ ఆపా గేటు అవతల, రెండు ప్లాట్లు దాటి, గడ్డిలో తల్లిపిట్ట నడుస్తోంది. వెనకాల అగ్గిపుల్లల్లాంటి కాళ్ళ మీద నాలుగు దూదిముక్కలు పరిగెడుతున్నాయి. అది ఒక్క కూత కూస్తే నాలుగూ ఉన్నచోట అతుక్కుపోయి రాళ్ళయిపోయాయి. మళ్ళీ కూస్తే రాళ్ళు లేచి పరుగెత్తాయి.

"నిన్న మీరు పోయినంక మధ్యాన్నం అయినయి" అన్నాడు యాదయ్య. "పొద్దుగాల్నే లేచి పోయినయి. ఇగ రావు గవి."

అక్క సజ్జల మూట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఒక్క పూట కూడా ఉండలేదే చిట్టీ! నేను ఇల్లు ఆపుకుంటే, అవి పుట్టగానే ఇల్లొదిలి పోయాయి!" అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బావగారు కూడా నవ్వారు, నిన్నటి నుంచి మొదటిసారి.

"మూల ఖాళీ అయింది" అన్నారాయన. "కానీ మూఢం వచ్చేసింది. ఇక శ్రావణం దాకా ఆగాలి, కార్తీకానికి ఇంకో కిరాయి ఇల్లు వెతకాలి."

అక్క చాలాసేపు ఆ నాలుగు పిల్లల వైపే చూసింది. గడ్డిలోంచి రోడ్డు మీదికి వచ్చాయి, లారీ వెళ్ళేదాకా ఆగి, రోడ్డు దాటాయి.

"ఇవి పుట్టింది కూడా ముహూర్తం దాటాకే కదండీ?" అంది.

"ఆ, మధ్యాహ్నమట."

"వాటికి లేని మూఢం మనకెందుకు?"

అక్క పెంకులు నాలుగూ ఏరి పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపింది. బల్లి పడిందని ఇల్లు ఖాళీ చేసిన మా అక్క, మూఢం మొదటి రోజు పొద్దున, పంతులు లేకుండా, కొబ్బరికాయ లేకుండా, ఈశాన్యం మూల నిలబడి చేయి చాపింది.

"యాదయ్యా, గడ్డపార ఇటియ్యి."